ఊసరవెల్లి రంగు మార్చేది దాగడానికా, కనబడడానికా?

మడగాస్కర్ ద్వీపపు ఉత్తర ప్రాంతంలో చెట్ల మీద బతికే మగ పాంథర్ ఊసరవెల్లి, తన మానాన తాను కొమ్మను పట్టుకుని కూర్చున్నంతసేపూ చాలావరకు ఆకుపచ్చగానే ఉంటుంది. ఒంటి పక్కల నీలి పట్టీలు, అక్కడక్కడ ఎర్రటి మచ్చలు ఉన్నా, ఆకుల గుబురులో దాన్ని గుర్తుపట్టడం అంత తేలిక కాదు. అదే కొమ్మ మీదికి మరో మగ ఊసరవెల్లి వచ్చిందనుకుందాం. కొద్ది నిమిషాల్లోనే మొదటిదాని ఒంటి మీది ఆకుపచ్చ పసుపులోకి, పసుపు నుంచి నారింజలోకి తిరుగుతుంది. నీలి పట్టీలు తెల్లబారతాయి. ఎర్రని మచ్చలు ఎర్రగానే ఉంటూ మరింత కాంతివంతమవుతాయి. అది కూర్చున్న కొమ్మ మారలేదు, చుట్టూ ఉన్న ఆకులూ మారలేదు. మారిందల్లా ఎదురుగా ప్రత్యర్థి వచ్చి నిలబడటమే. ఆ మార్పుతో అది ఆకుల్లో కలిసిపోవడం మాట అటుంచి, అంతకుముందు లేనంత స్పష్టంగా బయటపడిపోయింది.

ఊసరవెల్లి ఏ వస్తువు మీద ఉంటే ఆ వస్తువు రంగును ఒంటికి తెచ్చుకుంటుందన్న నమ్మకం చాలా పాతది, చాలా బలమైనది. ఎర్ర గుడ్డ మీద పెడితే ఎర్రగా, నీలి గుడ్డ మీద పెడితే నీలంగా మారిపోతున్నట్టు చూపించే వీడియోలు ఈ నమ్మకాన్ని ఇంకా గట్టిపరిచాయి; వాటిలోని రంగుల మార్పు ఎడిటింగ్‌లో చేసిందే తప్ప ఊసరవెల్లి చేసింది కాదు. నిజానికి దాన్ని పట్టి తెచ్చి రంగుల గుడ్డల మీద పెడితే, గుడ్డ ఏ రంగుదైనా సరే, ఆ జంతువు బెదిరిపోయి ముదురు రంగులోకి వెళ్లే అవకాశమే ఎక్కువ. ఊసరవెల్లికి దాక్కోవడం తెలియదని దీని అర్థం కాదు. దాక్కోవడానికి అది ప్రధానంగా ఆధారపడేది తన మామూలు రంగు మీద, పక్కల నుంచి నొక్కినట్టు పలచగా ఉండే శరీరం మీద, గాలికి ఊగే ఆకును తలపించే నెమ్మది నడక మీద. రంగు మార్చుకోవడమన్నది చాలా సందర్భాల్లో ఆ దాపరికం నుంచి బయటికి రావడం. మామూలు స్థితిలో మరుగున ఉండి, అవసరమైనప్పుడు ప్రత్యక్షమై, అవసరం తీరగానే మళ్లీ మరుగున పడటం అనే ఈ క్రమాన్ని దృష్టిలో పెట్టుకుంటే, ఊసరవెల్లి చర్మం నిర్మాణం ఎందుకు అంత చిత్రంగా ఉందో కూడా అర్థమవుతుంది.

నీలి వర్ణకం లేని నీలం

జంతువుల ఒంటి మీది రంగులు రెండు మార్గాల్లో పుడతాయి. మొదటిది వర్ణకం. కణాల్లో ఉండే ఒక రసాయన పదార్థం తన మీద పడ్డ కాంతిలో కొంత భాగాన్ని పీల్చుకుని మిగిలినదాన్ని వదిలేస్తుంది, ఆ వదిలిన భాగమే మన కంటికి రంగుగా కనిపిస్తుంది. రెండవది నిర్మాణం. అతి సూక్ష్మమైన పొరలో, స్ఫటికాలో క్రమబద్ధంగా పేర్చి ఉన్నప్పుడు, వాటి మధ్య దూరాన్ని బట్టి కొన్ని తరంగదైర్ఘ్యాల కాంతి ఒకదానికొకటి బలం చేకూర్చుకుని పరావర్తనం చెందుతుంది, మిగిలినవి పరస్పరం రద్దవుతాయి. సబ్బు బుడగ మీద కనిపించే రంగులు, నెమలి ఈకలోని నీలం ఇలా పుట్టినవే. నెమలి ఈకను మెత్తగా నూరి పొడి చేస్తే అందులో నీలి పదార్థమేమీ దొరకదు, ఎందుకంటే ఆ నీలం పదార్థంలో లేదు, ఆ పదార్థం పేర్చిన తీరులో ఉంది.

ఊసరవెల్లి చర్మం ఈ రెండు మార్గాలనూ కలిపి వాడుకుంటుంది. పైపొర కింద పసుపు, ఎరుపు వర్ణకాలున్న కణాలు ఉంటాయి. వాటి కింద ఇరిడోఫోర్లు అనే కణాలు ఉంటాయి. వీటిలో వర్ణకం ఉండదు, గ్వానిన్ అనే పదార్థపు సూక్ష్మ స్ఫటికాలు మాత్రం కిక్కిరిసి ఉంటాయి. ఈ గ్వానిన్ మనకు అపరిచితమైనదేమీ కాదు. డీఎన్ఏ నిర్మాణంలోని నాలుగు క్షారాల్లో ఒకటైన ఈ పదార్థమే చేపల చర్మానికి వెండి మెరుపునిస్తుంది. ఇరిడోఫోర్లకు కింద మెలనోఫోర్లు అనే నల్లని కణాలుంటాయి. చెట్టు కొమ్మల్లా చీలిన వాటి శాఖలు ఇరిడోఫోర్ల మధ్య నుంచి చర్మపు ఉపరితలం వైపు చాచుకుని ఉంటాయి.

ప్రశాంతంగా ఉన్న ఊసరవెల్లి ఆకుపచ్చగా కనిపించడానికి కారణం ఈ అమరికలోనే ఉంది. దాని చర్మంలో ఆకుపచ్చ వర్ణకం ఉండదు. ఇరిడోఫోర్లలోని స్ఫటికాలు నీలి కాంతిని వెనక్కి పంపుతాయి, ఆ కాంతి పైనున్న పసుపు వర్ణకం గుండా బయటికి వస్తుంది, రెండూ కలిసి మన కంటికి ఆకుపచ్చ అవుతుంది. పసుపు వర్ణకం లేని చోట్ల అదే నీలం నీలంగానే కనిపిస్తుంది. ఇంతవరకూ శాస్త్రజ్ఞులకు చాలాకాలంగా తెలుసు. తెలియాల్సి ఉన్నదల్లా ఆకుపచ్చ పసుపుగా ఎలా మారుతున్నదన్నదే.

సగం నిజమైన పాత వివరణ

ఈ ప్రశ్నకు వయసు ఎక్కువే. ఊసరవెల్లి తన శరీరాన్ని గాలితో ఉబ్బించుకున్నప్పుడు రంగు మారుతుందని ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ రాశాడు. ఆయన చూసినది తప్పు కాదు. ప్రత్యర్థి ఎదురైనప్పుడు ఊసరవెల్లి నిజంగానే ఒళ్లు ఉబ్బించి, పక్కకు తిరిగి, తనను తాను పెద్దగా చూపించుకుంటుంది, ఆ సమయంలోనే రంగూ మారుతుంది. ఒకేసారి జరిగే రెండింటిలో ఒకటి రెండవదానికి కారణమని అనుకోవడం దగ్గరే పొరపాటు జరిగింది. చర్మం లోపల ఏం జరుగుతున్నదో సూక్ష్మదర్శినితో పరిశీలించి చెప్పిన తొలితరం శాస్త్రజ్ఞుల్లో ప్రముఖుడు ఎర్న్‌స్ట్ బ్ర్యూకె. ఆఫ్రికా ఊసరవెల్లి రంగు మార్పుపై 1852లో ఆయన వెలువరించిన అధ్యయనం, నల్లని వర్ణకం కణాల లోపల స్థానం మారడం వల్ల చర్మం ముదురుగానూ లేతగానూ అవుతుందని చూపించింది.

ఆ వివరణ ఇప్పటికీ చెల్లుతుంది. మెలనోఫోర్లలోని నల్లని రేణువులు కణం మధ్యలో ముద్దగా చేరితే చర్మం లేతబడుతుంది, శాఖల చివరి వరకూ వ్యాపిస్తే ఇరిడోఫోర్ల మీదికి నల్లని తెర వచ్చినట్టయి చర్మం ముదురు రంగులోకి వెళుతుంది. ఊసరవెల్లుల్లో ఈ కదలికను ప్రధానంగా నాడులు శాసిస్తాయి, అందుకే అది అంత త్వరగా జరుగుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఈ యంత్రాంగం వెలుగు నీడల తేడాను వివరిస్తుంది గాని రంగుల తేడాను వివరించదు. ఆకుపచ్చ మీద నలుపు వేస్తే ముదురు ఆకుపచ్చ వస్తుంది, నలుపు తీస్తే లేత ఆకుపచ్చ వస్తుంది, నారింజ రాదు. పసుపు, ఎరుపు వర్ణకాలు కూడా ఇలాగే ముడుచుకోవడం, పరచుకోవడం చేస్తాయని, ఆ కలయికతోనే అన్ని రంగులూ వస్తాయని చాలాకాలం పాటు పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. వినడానికి పొందికగా ఉన్న ఈ వివరణ, పాంథర్ ఊసరవెల్లి విషయంలో నిలబడలేదు.

జెనీవా విశ్వవిద్యాలయంలో మిషెల్ మిలిన్‌కోవిచ్ నేతృత్వంలోని జీవశాస్త్రజ్ఞులు, భౌతికశాస్త్రజ్ఞులు కలిసి 2015లో ప్రచురించిన పరిశోధన ఈ చిక్కుముడిని విప్పింది. వాళ్లు ప్రశాంతంగా ఉన్నప్పటి చర్మాన్నీ, ఉద్రేకంలో ఉన్నప్పటి చర్మాన్నీ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పోల్చి చూశారు. పై వరుస ఇరిడోఫోర్లలోని ఒక్కో గ్వానిన్ స్ఫటికం సుమారు 130 నానోమీటర్లు ఉంటుంది, అంటే మిల్లీమీటరులో పదివేలవ వంతు కంటే కాస్త ఎక్కువ. ప్రశాంత స్థితిలో ఈ స్ఫటికాలు దగ్గరదగ్గరగా, చక్కని వరుసల్లో ఉన్నాయి. ఉద్రేక స్థితిలో వరుసలు చెదరలేదు గాని, స్ఫటికాల మధ్య దూరం సుమారు 30 శాతం పెరిగింది. మారినది వర్ణకం కాదు, దూరం.

ఈ 30 శాతం ఎంత పని చేస్తుందో స్థూలంగా ఒక లెక్క వేసి చూడవచ్చు. ఇలాంటి స్ఫటికాల అమరిక వెనక్కి పంపే కాంతి తరంగదైర్ఘ్యం, వాటి మధ్య దూరంతో పాటే దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. నీలి కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 450 నానోమీటర్లు. దానికి 30 శాతం కలిపితే 585 వస్తుంది, అది పసుపు రంగు. ఇంకాస్త పొడవైన నీలితో, 480తో మొదలుపెడితే 624కు చేరుతుంది, అది నారింజ ఎరుపు రంగుల సరిహద్దు. నీలాన్ని వదిలి పసుపును, నారింజను పరావర్తనం చేయడం మొదలైన చర్మం మీద పసుపు వర్ణకం ఎప్పటిలాగే ఉంటుంది. ఒకప్పుడు నీలంతో కలిసి ఆకుపచ్చను ఇచ్చిన ఆ వర్ణకమే ఇప్పుడు పసుపునో నారింజనో చూపిస్తుంది. ఎర్ర మచ్చలు రంగు మారకుండా కాంతివంతం కావడానికి కూడా సమాధానం ఇక్కడే దొరుకుతుంది. ఎర్ర వర్ణకం తక్కువ తరంగదైర్ఘ్యాలను ఎలాగూ బయటికి పోనివ్వదు. కింద ఉన్న స్ఫటికాలు నీలానికి బదులు పొడవైన తరంగాలను పంపడం మొదలుపెట్టేసరికి ఆ వర్ణకం గుండా బయటపడే వెలుగు పెరుగుతుంది.

నా దృష్టిలో ఆ పరిశోధనలో అన్నిటికంటే నమ్మకం కలిగించే భాగం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఫొటోలు కావు, ఉప్పునీటి ప్రయోగం. శరీరం నుంచి వేరు చేసిన చిన్న చర్మపు ముక్కకు మెదడు లేదు, ఉద్రేకం లేదు, ప్రత్యర్థి లేడు. దాన్ని గాఢత ఎక్కువగా ఉన్న ద్రావణంలో ఉంచితే కణాల్లోని నీరు బయటికి పోయి కణాలు కుంచించుకుంటాయి, స్ఫటికాలు దగ్గరవుతాయి. పై వివరణ నిజమైతే అప్పుడు రంగు పొడవైన తరంగాల నుంచి నీలం వైపు జరగాలి. అచ్చంగా అదే జరిగింది. కేవలం దూరాన్ని మార్చి, బతికున్న ఊసరవెల్లి చూపించే రంగుల వరుసనే పరిశోధకులు రప్పించగలిగారు.

ఇదే పరిశోధనలో మరో సంగతి బయటపడింది. ఈ ఇరిడోఫోర్ల పొర కింద ఇంకో రకం ఇరిడోఫోర్ల పొర ఉంది. దానిలోని స్ఫటికాలు పెద్దవి, పలకల ఆకారంలో ఉన్నవి, వరుసా క్రమమూ పెద్దగా లేనివి. రంగు మార్పులో వీటికి పాత్ర లేదు. ఇవి కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని బలంగా వెనక్కి పంపుతాయి. సూర్యుడి నుంచి భూమికి చేరే శక్తిలో దాదాపు సగం ఈ పరారుణ భాగంలోనే ఉంటుంది కాబట్టి, ఎండలో గంటల తరబడి ఉండే జంతువు అతిగా వేడెక్కకుండా ఈ పొర కాపాడుతుందని పరిశోధకులు భావిస్తున్నారు. పై పొర ఎన్ని రంగులు మార్చినా కింది పొర రక్షణ అలాగే ఉంటుంది.

పూర్తి స్థాయిలో వికసించిన పై పొర వయసొచ్చిన మగ పాంథర్ ఊసరవెల్లుల్లోనే కనిపించింది. ఆడవాటిలోనూ పిల్లల్లోనూ అది చాలా పలచగా ఉంది. రంగు మార్చడం శత్రువుల నుంచి దాక్కోవడానికే అయితే, ఆ అవసరం పిల్లలకూ, గుడ్లు మోసే ఆడవాటికీ ఇంకా ఎక్కువ ఉండాలి. పోటీపడే మగవాటికే ఆ సామర్థ్యం దక్కిందంటే, అది దేనికోసం ఏర్పడిందో చర్మమే చెబుతున్నట్టు లెక్క.

రంగు మాట్లాడే సందర్భాలు

యెమెన్, సౌదీ అరేబియా ప్రాంతాలకు చెందిన వెయిల్డ్ ఊసరవెల్లుల మీద అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన రసెల్ లైగన్, కెవిన్ మెక్‌గ్రా చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. రెండు మగవాటిని ఎదురెదురుగా ఉంచి, పోటీ సాగుతున్నంతసేపూ వాటి శరీరాల మీద పలుచోట్ల రంగూ కాంతీ ఎలా మారుతున్నాయో కెమెరాతో కొలిచారు. కొలిచినదాన్ని మనిషి కంటికి కాక ఊసరవెల్లి కంటికి ఎలా కనిపిస్తుందో ఆ లెక్కలోకి మార్చారు. ఈ జంతువుల పోటీకి ఒక క్రమం ఉంటుంది. మొదట పక్కకు తిరిగి, ఒళ్లు పెంచి, పక్కల మీది చారలను చూపించుకుంటాయి. వెనక్కి తగ్గకపోతే ముఖాముఖి దగ్గరవుతాయి. చారలు ఎంత కాంతివంతమైతే ఆ మగది ముందుకు వచ్చే అవకాశం అంత ఎక్కువని తేలింది. గెలుపు మాత్రం చారలను బట్టి కాక తలను బట్టి తెలిసింది; ఎవరి తల ఎక్కువ కాంతివంతమై, ఎక్కువ వేగంగా రంగు మారుతుందో వారే గెలిచే అవకాశం ఎక్కువ. పక్కకు తిరిగినప్పుడు కనిపించేది చారలు, ఎదురుగా వచ్చినప్పుడు కనిపించేది తల. పోటీలో ఏ దశలో ఏ భాగం ప్రత్యర్థికి కనబడుతుందో, ఆ దశకు సంబంధించిన సమాచారాన్ని ఆ భాగమే అందిస్తోంది.

దీనివల్ల రెండు పక్షాలకూ మేలే. కొరుక్కునే పోట్లాటలో గెలిచినదానికీ గాయాలవుతాయి. బలాబలాలు రంగులోనే తెలిసిపోతే బలహీనమైనది ముందే తప్పుకోవచ్చు. తప్పుకునేటప్పుడు కూడా రంగే ఉపయోగపడుతుంది. ఓడిపోతున్న ఊసరవెల్లి తన మెరుపులన్నీ దించేసి ముదురు గోధుమ రంగులోకి వెళ్లిపోతుంది. పారిపోయేంత వేగం లేని జంతువుకు, ఇక నాతో నీకు పోటీ లేదని చెప్పడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. ఇలా ముదురుబారడం గెలిచినదాని దాడిని తగ్గించే లొంగుబాటు సంకేతమని లైగన్ తర్వాతి అధ్యయనంలో చూపించాడు.

ఆడవాటి రంగులకు తగినంత ప్రచారం రాలేదు. కడుపులో గుడ్లతో ఉన్న వెయిల్డ్ ఆడ ఊసరవెల్లి మగది దగ్గరికి వస్తే ముదురు రంగు మేని మీద పసుపు, నీలి మచ్చలను ప్రస్ఫుటంగా చూపిస్తుంది, నోరు తెరిచి బెదిరిస్తుంది. జతకట్టడానికి సుముఖంగా లేనని చెప్పే ఈ ప్రకటన మగవాడి శ్రమను ఆదా చేస్తుంది, ఆమెకు గాయాలు తప్పిస్తుంది.

ఒక జాతిలో రంగు సంకేతంగా పనిచేస్తున్నదని చూపడం వేరు, రంగు మార్చే సామర్థ్యం పరిణామంలో పెంపొందడానికే సంకేతాలు కారణమని చూపడం వేరు. ఈ రెండవ ప్రశ్నను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు దేవి స్టూవర్ట్-ఫాక్స్, అద్నాన్ ముసల్లి దక్షిణాఫ్రికాలోని మరుగుజ్జు ఊసరవెల్లుల మీద పరిశీలించి, 2008లో ఫలితాలు ప్రకటించారు. పరస్పరం దగ్గర చుట్టరికం ఉన్న 21 వంశాలను తీసుకుని, వాటిలో ఏవి ఎంతమేరకు రంగు మార్చగలవో కొలిచారు. మరుగు కోసమే ఈ సామర్థ్యం పెరిగి ఉంటే, రకరకాల నేపథ్య రంగులున్న చోట బతికే వంశాలు ఎక్కువ రంగులు మార్చాలి. అలాంటి సంబంధం కనిపించలేదు. తమ జాతివాటి కంటికి బాగా ఆనే రంగులను పోటీల్లో ప్రదర్శించే వంశాలే ఎక్కువ మార్పు చూపించాయి. అంటే పరిసరాల వైవిధ్యం కాదు, ప్రదర్శన అవసరమే ఈ సామర్థ్యాన్ని ముందుకు నడిపింది.

దీనికి మరో వైపు నుంచి వచ్చిన సాక్ష్యం హవాయి దీవుల్లో దొరికింది. తూర్పు ఆఫ్రికాకు చెందిన మూడు కొమ్ముల జాక్సన్ ఊసరవెల్లులు 1972లో, పెంపుడు జంతువుల వ్యాపారం కోసం తెచ్చినవి, అక్కడి ప్రకృతిలోకి చేరి స్థిరపడ్డాయి. కెన్యాలో వాటిని వేటాడే పక్షులు, పాములు ఎక్కువ. హవాయిలో అలాంటి శత్రువుల బెడద చాలా తక్కువ. సుమారు 50 ఏళ్ల తర్వాత రెండు చోట్ల ఉన్నవాటిని పోల్చి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, హవాయి మగవి పోటీల్లోనూ, ఆడవాటిని ఆకర్షించేటప్పుడూ కెన్యావాటి కంటే ఎక్కువ కాంతివంతంగా మారుతున్నాయని, శత్రువు ఎదురైనప్పుడు మాత్రం కెన్యావాటంత బాగా మరుగుపడలేకపోతున్నాయని తేలింది. ప్రదర్శనకు వెనక నుంచి కళ్లెం పట్టినది శత్రుభయమేనని, ఆ కళ్లెం సడలితే కొన్ని పదుల ఏళ్లలోనే రంగులు విచ్చుకుంటాయని ఇది చూపిస్తుంది. ఊసరవెల్లుల రంగుల మీద జరిగిన పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే, ఎందుకంటే ఎవరూ తలపెట్టకుండానే ప్రకృతిలో జరిగిపోయిన ప్రయోగం ఇది.

మరి దాక్కోవడం మాటేమిటి?

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి ఊసరవెల్లి దాక్కోవడానికి రంగే మార్చదని తేల్చేయడం కూడా తొందరపాటే. దక్షిణాఫ్రికాకే చెందిన స్మిత్ మరుగుజ్జు ఊసరవెల్లి ముందు ఒకసారి వేటపక్షి నమూనాను, ఒకసారి చెట్ల మీది పాము నమూనాను ఉంచి చూసినప్పుడు, అది రెండు సందర్భాల్లోనూ ఒకే రంగు చూపించలేదు. పక్షి ఎదుట తన రంగును నేపథ్యానికి ఎక్కువ దగ్గరగా తెచ్చుకుంది. పాము ఎదుట అంత శ్రమ పడలేదు. పక్షుల రంగుల చూపు చాలా నిశితమైనది. పాములకు రంగుల తేడాలు అంతగా తెలియవు. అందువల్ల తక్కువ మార్పుతో సరిపెట్టుకున్నా కూడా, పాము కంటికి ఆ ఊసరవెల్లి పక్షి కంటికి కంటే బాగా మరుగుపడినట్టే లెక్క. అయితే ఇక్కడ జరిగేది ఆకుపచ్చ, గోధుమ రంగుల పరిధిలోనే జరిగే చిన్న సర్దుబాటు. వెనకున్న వస్తువును చూసి దాని రంగును అచ్చుగుద్దడం కాదు. ఆ పని నిజంగా చేయగలిగేవి సముద్రంలో ఉన్నాయి: కటిల్‌ఫిష్, ఆక్టోపస్ వంటి జీవుల వర్ణక కణాలను చిన్న చిన్న కండరాలు నేరుగా లాగుతాయి, కాబట్టి అవి క్షణంలోపే రంగును, గీతలను, మచ్చలను నేలకు తగ్గట్టు మార్చేస్తాయి. ఊసరవెల్లికి పట్టే సమయం సెకన్లు, నిమిషాలు.

పక్షుల మాదిరిగానే ఊసరవెల్లి కంట్లో కూడా రంగులను గుర్తించే శంకుకణాలు నాలుగు రకాలుంటాయి, అతినీలలోహిత కాంతి కూడా దానికి కనిపిస్తుంది. మనకున్నవి మూడే. మన కంటికి ఆకుల్లో పూర్తిగా కలిసిపోయినట్టు కనిపించే ఊసరవెల్లి సాటి ఊసరవెల్లికి స్పష్టంగా కనబడవచ్చు. దాపరికమా, ప్రదర్శనా అని మనిషి చూపుతో నిర్ణయించడం ఎంతవరకు సబబన్న ప్రశ్న అందుకే ఈ పరిశోధనలన్నిటినీ వెంటాడింది, కాంతిని పరికరాలతో కొలిచి జంతువు కంటి లెక్కలోకి మార్చే పద్ధతులు వచ్చాకే సమాధానాలు నిలబడ్డాయి.

దాపరికం కోసమే రంగు మారుతుందన్న వాదానికి రాత్రివేళ కూడా ఆధారం దొరకదు. నిద్రలో ఉన్న ఊసరవెల్లి పాలిపోయి లేత రంగులోకి వస్తుంది. అడవుల్లో వీటి సంఖ్యను అంచనా వేసే పరిశోధకులు పగటిపూట కాకుండా రాత్రి టార్చి లైట్లు పట్టుకుని వెళ్లడానికి కారణం ఇదే. కొమ్మ చివర కదలకుండా నిద్రపోతున్న ఆ లేత ఆకారం వెలుగు పడగానే చీకటి ఆకుల మధ్య తేటగా కనిపిస్తుంది.

రంగుకు ఇంకో పని కూడా ఉంది, దానికి చూసేవారు ఉండనక్కరలేదు. ఊసరవెల్లి తన శరీరంలో తానుగా వేడిని పుట్టించుకోలేదు, ఎండ మీద ఆధారపడుతుంది. నల్లని ఒళ్లు ఎండను ఎక్కువ పీల్చుకుంటుంది, లేత రంగు ఒళ్లు వెనక్కి పంపుతుంది. నైరుతి ఆఫ్రికాలోని నమీబ్ ఎడారిలో, చెట్టన్నది అరుదైన చోట, ఇసుక మీద నడుస్తూ బతికే నమాక్వా ఊసరవెల్లిలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. చల్లని ఉదయం అది దాదాపు నల్లగా మారి సూర్యుడి వైపు తిరిగి కూర్చుంటుంది. ఎండ ముదిరి ఇసుక కాలిపోయే వేళకు లేత బూడిద రంగులోకి వచ్చేస్తుంది. ఎండ తగిలే పక్క నల్లగా, రెండవ పక్క లేతగా ఉంచుకోవడం కూడా దానికి సాధ్యమే. ఇక్కడ స్ఫటికాల పాత్ర పెద్దగా లేదు, 1852 నాటి నల్లని రేణువుల కదలికే చాలు.

ఇన్ని అవసరాలు ఒకే చర్మం మీద వచ్చి పడుతున్నందువల్ల, ఫలానా రంగుకు ఫలానా అర్థమని పట్టిక రాసుకోవడం కుదరదు. ముదురు రంగు చలిని సూచించవచ్చు, ఓటమిని సూచించవచ్చు, భయాన్నీ అనారోగ్యాన్నీ కూడా సూచించవచ్చు. వీటిని సంరక్షించేవారు, వైద్యం చేసే పశువైద్యులు రంగుతో పాటు అప్పటి ఉష్ణోగ్రతను, వేళను, ఎదురుగా మరో ఊసరవెల్లి ఉందా అన్నదాన్ని కలిపి చూస్తారు. వెచ్చగా ఉండి, ఒంటరిగా ఉండి, అయినా రోజుల తరబడి ముదురుగానే ఉండిపోయిన జంతువును మాత్రం పరీక్షించి తీరాలి.

ప్రపంచంలో 200కు పైగా ఊసరవెల్లి జాతులున్నాయి, వాటిలో దాదాపు సగం మడగాస్కర్‌లోనే ఉన్నాయి. అన్నీ రంగురంగులుగా మారేవి కావు. అదే ద్వీపంలో నేల మీది ఎండుటాకుల మధ్య బతికే బ్రూకీసియా ప్రజాతి ఊసరవెల్లులు గోధుమ రంగులో ఉండి, ఆ గోధుమ రంగులోనే కాస్త లేతగానో ముదురుగానో మారతాయి తప్ప అంతకు మించి పోవు. 2021లో శాస్త్రజ్ఞులు వర్ణించిన బ్రూకీసియా నానా మగదాని పొడవు ముక్కు కొన నుంచి తోక మొదలు వరకూ 13.5 మిల్లీమీటర్లే, అంటే వేలి కొన మీద సరిపోయేంత. ఎండుటాకులా కనిపించడమే దాని బతుకుతెరువు. పాంథర్ ఊసరవెల్లిలో ఉన్న రెండు పొరల ఏర్పాటు, పైన రంగు మార్చే క్రమబద్ధమైన స్ఫటికాలు, కింద వేడిని వెనక్కి పంపే పెద్ద స్ఫటికాలు, కొన్ని ఊసరవెల్లి జాతుల్లో పరిణామం కొత్తగా తెచ్చిన మార్పు అని జెనీవా బృందం భావిస్తోంది. ఎండ పడే కొమ్మల మీద బతుకుతూ, శత్రువుల నుంచి మరుగునా ఉండాలి, ప్రత్యర్థికి దూరం నుంచీ కనబడాలి అన్న రెండు ఒత్తిళ్ల మధ్య ఉన్న జంతువుకు ఆ ఏర్పాటు ఉపయోగపడింది. నేల మీది ఎండుటాకుల్లో బతికేదానికి అంత అవసరం రాలేదు.